బ్రౌజర్ మొరాయిస్తే ముందు యాడ్‌ఆన్లను చూడమనండి

సంపాదకుడు గారికి,

నమస్కారం. మీ పత్రిక టెక్నాలజీ పేజీలో పాఠకుల ప్రశ్నలకు ఇచ్చే జవాబులు నేను వదలకుండా చదువుతాను, చాలావరకు పనికొచ్చేవే ఉంటాయి. కానీ ఈమధ్య ఒక పాఠకుడు ‘‘బ్రౌజర్‌లో కొన్ని సైట్లు సగమే తెరుచుకుంటున్నాయి, కొన్నిచోట్ల బటన్ నొక్కినా ఉలుకూ పలుకూ ఉండట్లేదు, అప్పుడప్పుడు ఎర్రర్ పేజీ వస్తోంది, ఏం చేయాలి?’’ అని అడిగితే మీరిచ్చిన జవాబు చూశాక ఈ ఉత్తరం రాయక తప్పలేదు. క్యాష్ (బ్రౌజర్ దాచుకున్న పేజీల కాపీలు), కుకీలు (సైట్లు మన బ్రౌజర్‌లో పెట్టుకునే చిన్న గుర్తులు), హిస్టరీ అన్నీ క్లియర్ చేయమన్నారు. తగ్గకపోతే బ్రౌజర్ తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేయమన్నారు. అదీ కుదరకపోతే విండోస్ ఫార్మాట్ చేయించుకోమన్నారు. ఇంట్లో ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకోమన్నట్టే ఉంది. జవాబు మొత్తంలో యాడ్‌ఆన్ అన్న మాట, అంటే బ్రౌజర్‌కి అదనంగా తగిలించుకునే చిన్న ప్రోగ్రామ్, దీన్నే ఎక్స్‌టెన్షన్ అని కూడా అంటారు, ఒక్కసారి కూడా రాలేదు. పైగా అంతకుముందు అదే పేజీలో ‘మీ బ్రౌజర్‌లో తప్పక ఉండాల్సిన ఎక్స్‌టెన్షన్లు’ అని పెద్ద జాబితా ఇచ్చింది కూడా మీరే. వేసుకోమని చెప్పినవాళ్లు, అవి తేడా చేస్తే ఎలా కనిపెట్టాలో కూడా చెప్పాలి కదండీ?

ఆఫీసులో నలుగురి కంప్యూటర్లూ చూసే పని నాది. ‘సైట్ పనిచేయట్లేదు’ అని ఎవరు పిలిచినా ముందు ఆ బ్రౌజర్ పైన కుడిపక్క ఉండే చిన్న చిన్న బొమ్మల వరుస చూస్తాను, ఎన్ని యాడ్‌ఆన్లు ఉన్నాయో దాంతోనే కొంత అర్థమవుతుంది. ప్రకటనలు ఆపేది ఒకటి, అదే పని చేసేది ఇంకొకటి, స్పెల్లింగులు దిద్దేది, పేజీని నల్లగా మార్చేది, వీడియోలు దించుకునేది, కూపన్లు వెతికేది, యాంటీవైరస్ వాడు తనంతట తాను తగిలించి వెళ్లింది... వీటిలో చాలావరకు మీరు తెరిచే ప్రతి పేజీలోకీ దూరి తమ కోడ్ కలుపుతాయి. సైట్ తయారుచేసినవాళ్లు ఒక రకంగా రాసిన పేజీ మీ తెర మీదికి వచ్చేసరికి ఇంతమంది చేతులు పడి వస్తుందన్నమాట. అందులో ఒక్కదాని చెయ్యి తప్పు చోట పడినా పేజీ చెడిపోతుంది. మనం మాత్రం సైట్‌ని తిడతాం, లేదంటే నెట్‌ని తిడతాం.

‘నేనేం మార్చలేదు, నిన్నటిదాకా బాగానే ఉంది’ అని అందరూ అనే మాట ఒకటుంది. వాళ్లు మార్చకపోవచ్చు, యాడ్‌ఆన్ మాత్రం మారి ఉంటుంది. క్రోమ్ అయినా ఎడ్జ్ అయినా ఎక్స్‌టెన్షన్ల కొత్త వెర్షన్ల కోసం తనే చూసుకుంటూ, దొరికినప్పుడు మనల్ని అడగకుండానే వేసేస్తుంది. కొత్త వెర్షన్ ఇంతకుముందు లేని పెద్ద అనుమతులు అడిగితే తప్ప మనకి ఏ కబురూ రాదు, అప్పుడు మాత్రం దాన్ని ఆపేసి ‘ఒప్పుకుంటారా’ అని అడుగుతుంది. మిగతా సందర్భాల్లో అంతా తెర వెనకే జరిగిపోతుంది. కాబట్టి నిన్న పనిచేసింది కదా అని యాడ్‌ఆన్‌ని అనుమానితుల జాబితాలోంచి తీసేయడానికి లేదు.

ఇక మీ జవాబులోని మొదటి సలహా. అన్నీ క్లియర్ చేయమంటే ఏమవుతుందో తెలుసు కదా, లాగిన్ అయి ఉన్న సైట్లన్నిట్లోంచీ బయటికి వచ్చేస్తారు. కొన్ని బ్రౌజర్లలో ఏవేవి క్లియర్ చేయాలో అడిగే డబ్బాలో పాస్‌వర్డ్‌ల ఎదురుగా కూడా ఒక గడి ఉంటుంది, కంగారులో అన్నిటికీ టిక్ పెట్టినవాళ్లు సేవ్ చేసుకున్న పాస్‌వర్డ్‌లు కూడా పోగొట్టుకుంటారు, సింక్ (ఒకే అకౌంట్ ఉన్న పరికరాలన్నిట్లో బ్రౌజర్‌ని ఒకేలా ఉంచే ఏర్పాటు) ఆన్‌లో ఉంటే ఫోన్లోంచి కూడా పోతాయి. ఇంతా చేసి తప్పు యాడ్‌ఆన్‌ది అయితే అది కదలదు, మెదలదు. క్యాష్ క్లియర్ చేయడానికీ ఎక్స్‌టెన్షన్లకీ సంబంధమే లేదు.

రెండో సలహా ఇంకా విచిత్రం. విండోస్‌లో క్రోమ్‌ని అన్‌ఇన్‌స్టాల్ చేసినా, ‘బ్రౌజింగ్ డేటా కూడా తీసేయాలా’ అన్న గడిలో టిక్ పెట్టకపోతే మీ బుక్‌మార్కులు, యాడ్‌ఆన్లు, సెట్టింగులు ఉండే ప్రొఫైల్ ఫోల్డర్ డిస్క్ మీద అలాగే ఉండిపోతుంది. ఫైర్‌ఫాక్స్‌ అయినా మామూలుగా అంతే. మళ్లీ ఇన్‌స్టాల్ చేయగానే పాత బుక్‌మార్కులతో పాటు పాత యాడ్‌ఆన్లు కూడా ఏమీ జరగనట్టు ప్రత్యక్షమవుతాయి. ఆ టిక్ పెట్టి తీసేసినా, గూగుల్ అకౌంట్‌తో సైన్ ఇన్ అయి సింక్ పెట్టిన మరుక్షణం అన్నీ వరసగా దిగిపోతాయి. ఫార్మాట్ చేయించుకున్నవాళ్లకీ ఇదే గతి. కంప్యూటర్ అంతా ఖాళీ చేసి, ఫైళ్లు సర్దుకుని, లాగిన్ కాగానే అదే పేజీ అదే ఎర్రర్ చూపిస్తే వాళ్లు మీ జవాబు గురించి ఏమనుకుంటారో నేను రాయక్కర్లేదు.

చేయాల్సిన పని చాలా చిన్నది. ఇబ్బంది పెడుతున్న పేజీని ఇన్‌కాగ్నిటో విండోలో, అంటే హిస్టరీ దాచుకోని ప్రైవేట్ విండోలో తెరవడం. క్రోమ్‌లో, ఎడ్జ్‌లో కంట్రోల్, షిఫ్ట్, ఎన్ కలిపి నొక్కితే వస్తుంది, ఫైర్‌ఫాక్స్‌లో ఎన్ బదులు పి. ఈ విండోల్లో మనం ప్రత్యేకంగా అనుమతి ఇచ్చి ఉంటే తప్ప ఎక్స్‌టెన్షన్లు పనిచేయవు. అక్కడ పేజీ శుభ్రంగా తెరుచుకుంటే అనుమానం యాడ్‌ఆన్ల మీదికి వెళ్లాలి. ఇంకో దారి కూడా ఉంది, అదే వైఫై మీద ఫోన్లో క్రోమ్‌తో ఆ సైట్ తెరిచి చూడటం. ఆండ్రాయిడ్ క్రోమ్‌లో ఎక్స్‌టెన్షన్లు లేవు కాబట్టి అక్కడ పనిచేసి కంప్యూటర్లో చేయకపోతే సైట్‌దీ నెట్‌దీ తప్పు కాదని దాదాపు తేలిపోయినట్టే. ఆండ్రాయిడ్‌లో ఫైర్‌ఫాక్స్ వాడేవాళ్లకి ఈ పరీక్ష పనికిరాదు, దాంట్లో యాడ్‌ఆన్లు ఉంటాయి.

అయితే ఇక్కడ తొందరపడితే తప్పుదారి పడతాం. ఇన్‌కాగ్నిటోలో యాడ్‌ఆన్లతో పాటు మీ పాత కుకీలు కూడా ఉండవు. అంటే అక్కడ పేజీ బాగా వచ్చిందంటే తప్పు యాడ్‌ఆన్‌దైనా కావచ్చు, ఆ సైట్ మీ దగ్గర పెట్టిన కుకీ చెడిపోయిందైనా కావచ్చు. ‘టూ మెనీ రీడైరెక్ట్స్’ అని పేజీ అక్కడక్కడే తిరుగుతున్నప్పుడు చాలాసార్లు కుకీయే కారణం. రెంటినీ విడదీయాలంటే మామూలు విండోకి వచ్చి, ఎక్స్‌టెన్షన్ల పేజీ తెరిచి అన్నిటినీ ఆఫ్ చేసి, చెడిన పేజీని రీలోడ్ చేయాలి. బాగుపడిందా, యాడ్‌ఆనే. బాగుపడలేదా, ఆ ఒక్క సైట్ కుకీలు మాత్రం తీసేస్తే సరి, అడ్రస్ పక్కన ఉండే చిన్న గుర్తు నొక్కితే ఆ సైట్ డేటా ఒక్కటే తీసేసే వీలుంది, ప్రపంచంలోని కుకీలన్నీ క్లియర్ చేసుకోనక్కర్లేదు. ఇన్‌కాగ్నిటోలోనూ అదే తంటా, ఫోన్లోనూ అదే తంటా అయితే యాడ్‌ఆన్లని వదిలేసి సైట్ వైపు చూడండి.

ఫైర్‌ఫాక్స్‌వాళ్లు ఈ విషయంలో కాస్త ముందుచూపు చూపించారనే చెప్పాలి. హెల్ప్ మెనూలో ట్రబుల్‌షూట్ మోడ్ అని ఉంటుంది, ఇదివరకు దీన్నే సేఫ్ మోడ్ అనేవారు. అది నొక్కితే బ్రౌజర్ మూసుకుని, యాడ్‌ఆన్లన్నీ తాత్కాలికంగా పక్కన పెట్టి, థీమ్ కూడా మామూలుది వేసుకుని మళ్లీ తెరుచుకుంటుంది. కుకీలు, లాగిన్లు ఎక్కడివక్కడే ఉంటాయి, అందుకే ఇన్‌కాగ్నిటో కన్నా ఇది నమ్మకమైన పరీక్ష. బ్రౌజర్ తెరవగానే కుప్పకూలిపోయి మెనూ దాకా వెళ్లే అవకాశమే లేకపోతే, విండోస్‌లో షిఫ్ట్ పట్టుకుని ఫైర్‌ఫాక్స్ తెరిచినా ఇదే మోడ్ వస్తుంది. క్రోమ్‌లో ఇలాంటి బటన్ మెనూలో ఎందుకు పెట్టలేదో నాకు ఇప్పటికీ అర్థం కాదు. షార్ట్‌కట్ ప్రాపర్టీస్‌లోకి వెళ్లి ‘డిజేబుల్ ఎక్స్‌టెన్షన్స్’ అన్న స్విచ్ తగిలించి తెరవచ్చు గానీ, మామూలు మనిషికి ఆ పని చెప్పగలమా?

సరే, యాడ్‌ఆన్‌దే తప్పని తేలింది. పదహారు ఉన్నాయనుకోండి, ఏది? చాలామంది ఒక్కొక్కటే ఆపుతూ, పేజీ చూస్తూ, మధ్యలో విసుగొచ్చి అన్నీ పీకేస్తారు. సగం ఆపండి. పేజీ బాగుపడితే దొంగ ఆపిన సగంలో ఉన్నట్టు, బాగుపడకపోతే ఇంకో సగంలో. ఆ సగాన్ని మళ్లీ సగం చేయండి. పదహారు కాస్తా ఎనిమిది, నాలుగు, రెండు, ఒకటి, నాలుగు విడతల్లో తేలిపోతుంది. ప్రతిసారీ పేజీని రీలోడ్ చేయడం మాత్రం మర్చిపోకూడదు, ఎందుకంటే ఎక్స్‌టెన్షన్‌ని ఆపినా అప్పటికే తెరిచి ఉన్న పేజీలోకి అది ఎక్కించిన కోడ్ రీలోడ్ చేసేదాకా అక్కడే ఉంటుంది. ఆపాం, అయినా తగ్గలేదు, అంటే ఇది కాదు అని అసలు దొంగని వదిలేసేది ఇక్కడే.

ఇంకో చిక్కు ఉంది. ఒక్కోసారి ఏ సగం విడిగా పెట్టినా పేజీ బాగానే ఉంటుంది, అన్నీ ఆన్ చేస్తేనే చెడుతుంది. అంటే విడివిడిగా రెండూ మంచివే, కలిస్తే పడట్లేదు. రెండు యాడ్ బ్లాకర్లు ఒకేసారి పెట్టుకున్నవాళ్ల దగ్గర ఇది మామూలే. సైట్ ‘ప్రకటనలు ఆపుతున్నారా’ అని పరీక్ష పెడితే, ఒకటి దానికి డమ్మీ ఫైల్ ఇచ్చి బుజ్జగిస్తుంటే రెండోది ఆ ఫైల్‌నే ఆపేస్తుంది. రెండు పెడితే రెట్టింపు రక్షణ అనుకుంటారు జనం. ఒకటి చాలు, అదైనా తయారుచేసినవాళ్లు బాగా చూసుకుంటున్నదై ఉండాలి.

ఇంతకీ ఎర్రర్ మెసేజీలు ఊరికే భయపెట్టడానికి ఉండవు, చదివితే అవే దారి చెబుతాయి. క్రోమ్‌లో ‘బ్లాక్డ్ బై క్లయింట్’ అని వచ్చిందంటే అక్కడ క్లయింట్ అంటే మీ బ్రౌజరే, అంటే సైట్ పంపడానికి సిద్ధంగా ఉన్నా మీ వైపే ఏదో ఆపింది, దాదాపు ఎప్పుడూ అది ఎక్స్‌టెన్షనే. ప్రాక్సీ (మనకీ సైట్‌కీ మధ్య ఉండే సర్వర్) కనెక్షన్ ఫెయిల్ అయిందని వస్తే, మీరు ఎప్పుడో ఉచితమని వేసుకున్న వీపీఎన్ యాడ్‌ఆన్, అంటే మీ నెట్‌ని వేరే సర్వర్ మీదుగా నడిపేది, ఉందేమో చూడండి, అది ప్రాక్సీ సెట్టింగ్‌ని తన చేతిలో పెట్టుకుని తన సర్వర్ పడిపోగానే ఆ బ్రౌజర్‌లో నెట్ మొత్తాన్ని పడగొడుతుంది. ఎక్స్‌టెన్షన్ పేరు పక్కన ‘ఫైల్ పాడై ఉండొచ్చు’ అని క్రోమే రాసి రిపేర్ బటన్ ఇస్తే, అది నొక్కడమే. ఇక సర్టిఫికెట్ (సైట్ అసలుదేనని చూపే డిజిటల్ పత్రం) తేదీ చెల్లదన్న ఎర్రర్ వస్తే యాడ్‌ఆన్ల జోలికి పోకుండా ముందు కంప్యూటర్ గడియారం చూడండి, తేదీ తప్పుంటే అన్ని సైట్లూ దొంగ సైట్లలాగే కనిపిస్తాయి. అడ్రస్ దొరకలేదన్న డీఎన్ఎస్ ఎర్రర్ కూడా ఎక్కువగా నెట్ వైపుదే.

మెసేజ్ ఏమీ లేకుండా బటన్ మూగగా ఉండిపోతేనే అసలు తంటా. అలాంటిది ఒకటి దగ్గరగా చెప్తాను. మా దగ్గర ఒకావిడ ఒక సైట్‌లో అమ్మకపు ప్రకటన పెడుతూ ఫొటోలు ఎక్కించాలి. ఫొటో ఎంచుకుంటుంది, చక్రం తిరుగుతుంది, తిరుగుతూనే ఉంటుంది. సైట్ సహాయం వాళ్లని అడిగితే క్యాష్ క్లియర్ చేయండి మేడమ్ అన్నారు, చేసింది, అదే చక్రం. ఎఫ్12 నొక్కి కన్సోల్ (పేజీలో వచ్చే తప్పుల్ని బ్రౌజర్ వరసగా రాసే చోటు) తెరిచాం. ఎర్ర అక్షరాల్లో ఒకే లైను పదేపదే పడుతోంది, చివర ‘బ్లాక్డ్ బై క్లయింట్’ అని. ఆ లైన్లో ఉన్న అడ్రస్ చదివితే, ఫొటోలు వెళ్లాల్సిన ఫోల్డర్ పేరు ‘యాడ్స్’. ప్రకటనల సైట్ కదా, వాళ్లు ఆ ఫోల్డర్‌కి ఆ పేరు పెట్టుకోవడం న్యాయమే. ఆవిడ యాడ్ బ్లాకర్ ఆ పేరు చూసి, ఇది కంపెనీవాళ్ల ప్రకటనేమో అనుకుని ఫొటోల్ని గుమ్మంలోనే ఆపేసింది. ఆ సైట్ వరకు బ్లాకర్ని ఆపమని దాని బొమ్మ మీద ఒక్క నొక్కు నొక్కి పేజీ రీలోడ్ చేస్తే ఫొటోలు ఎక్కేశాయి. ఫార్మాట్ చేయించుకుని ఉంటే ఆ బ్లాకరే సింక్‌లో మళ్లీ వచ్చి కూర్చునేది.

కన్సోల్ అనగానే ప్రోగ్రామర్ల వ్యవహారం అని భయపడక్కర్లేదు. అందులో ఉన్నదంతా అర్థం కానక్కర్లేదు, ఎర్ర లైన్ల చివర ఫైల్ ఎక్కడిదో చూస్తే చాలు. ‘క్రోమ్ ఎక్స్‌టెన్షన్’ అని మొదలై తర్వాత ముప్పై రెండు అక్షరాల అర్థంలేని వరస ఉంటే, ఆ వరసే ఆ యాడ్‌ఆన్ గుర్తింపు. ఎక్స్‌టెన్షన్ల పేజీలో పైన డెవలపర్ మోడ్ ఆన్ చేస్తే ప్రతిదాని కిందా దాని గుర్తింపు కనిపిస్తుంది, పోల్చి చూసుకుంటే పేరు దొరికిపోతుంది. మొదటి నాలుగైదు అక్షరాలు కలిస్తే చాలు. ఎర్ర లైను కనిపించినంత మాత్రాన దొంగ దొరికాడనుకోకూడదు, ఊరికే అరిచే యాడ్‌ఆన్లు బోలెడు. దాన్ని ఆపి, రీలోడ్ చేసి, పేజీ బాగుపడితేనే రూఢి చేసుకోవాలి.

అనువాదం చేసే యాడ్‌ఆన్లది మరో రకం గోల. ఇప్పటి సైట్లు చాలావరకు పేజీలో ప్రతి ముక్క ఎక్కడుందో గుర్తుపెట్టుకుని, మనం ఏదైనా నొక్కినప్పుడు ఆ ముక్కల్నే మారుస్తుంటాయి. అనువాదం చేసేది ఆ ముక్కల్ని తీసి తనవి పెడుతుంది. తర్వాత సైట్ తన పాత ముక్కని తీయబోతే అది అక్కడ ఉండదు, దాంతో అప్పటిదాకా బాగున్న పేజీ ఒక్కసారిగా తెల్లగా అయిపోతుంది. కన్సోల్లో ‘రిమూవ్ చైల్డ్’ అన్న మాటతో ఎర్ర లైను ఉంటుంది. బ్రౌజర్‌లోనే ఉండే ట్రాన్స్‌లేట్ కూడా ఈ పని చేయగలదు. ఫారం నింపేటప్పుడు అనువాదం ఆపేసి నింపడం మేలు. స్పెల్లింగ్ దిద్దేవి టైప్ చేసే గడిలో తమ గీతలు గీయబోయి కర్సర్‌ని ఎగరగొట్టడం, నల్ల తెర యాడ్‌ఆన్లు నల్ల మీద నల్ల అక్షరాలు చూపించడం, పాస్‌వర్డ్ నింపేవి కనిపించని గడిలో ఏదో నింపేసి ఫారం చెల్లదనిపించడం, ఇవి మామూలే.

పేజీ చెడకుండా బ్రౌజర్ మొత్తం నత్తనడక నడుస్తుంటే, క్రోమ్‌లో మోర్ టూల్స్ కింద టాస్క్ మేనేజర్ ఉంటుంది, విండోస్ టాస్క్ మేనేజర్ కాదు, బ్రౌజర్ సొంతది. అందులో ‘ఎక్స్‌టెన్షన్’ అన్న మాటతో మొదలయ్యే వరసలు విడిగా ఉంటాయి, ఏది ఎంత మెమరీ, ఎంత సీపీయూ తింటోందో అంకెలతో సహా కనబడుతుంది. మనం ఏడాదికోసారి వాడే స్క్రీన్‌షాట్ యాడ్‌ఆన్ ఊరికే కూర్చుని ఎంత తింటోందో చూస్తే కోపం వస్తుంది.

దొంగ దొరికాక వెంటనే రిమూవ్ కొట్టేయకండి, ఇది గట్టిగా చెప్పాల్సిన మాట. యాడ్‌ఆన్‌ని తీసేస్తే అది దాచుకున్నవి కూడా పోతాయి, నోట్స్, ట్యాబుల జాబితాలు, పెట్టుకున్న నియమాలు, అన్నీ. ఆఫ్ చేస్తే చాలు, డేటా ఉంటుంది. 2019 మే నెల మొదట్లో ఫైర్‌ఫాక్స్‌లో ఏం జరిగిందో గుర్తుందా? యాడ్‌ఆన్లు అసలువేనని డిజిటల్ సంతకం చేయడానికి ఫైర్‌ఫాక్స్ తయారుచేసే మొజిల్లా వాడే ఒక డిజిటల్ సర్టిఫికెట్ గడువు అయిపోయింది, దాన్ని సమయానికి మార్చలేదు, దాంతో లోకమంతటా జనం వాడుతున్న యాడ్‌ఆన్లు ఒక్కసారిగా చెల్లనివైపోయి ఆగిపోయాయి. అప్పుడు మొజిల్లావాళ్లే చెప్పింది, యాడ్‌ఆన్లని తీసేసి మళ్లీ వేసుకోవద్దు, తీసేస్తే వాటిలో డేటా పోతుంది అని. వాళ్లు సరిచేసి కొత్త వెర్షన్ పంపేదాకా ఓపిక పట్టినవాళ్లకి అన్నీ వాటంతట అవే తిరిగొచ్చాయి, కంగారుపడి పీకేసినవాళ్లకి ఆ డేటా పోయింది. తప్పు యాడ్‌ఆన్లదీ కాదు, వాడేవాళ్లదీ కాదు.

ఆఫ్ చేశాక కొన్ని దారులుంటాయి. యాడ్‌ఆన్ మంచిదే, ఒక్క సైట్‌తోనే పడట్లేదంటే క్రోమ్‌లో దాని వివరాల్లోకి వెళ్లి ‘సైట్ యాక్సెస్’ దగ్గర అన్ని సైట్లూ అన్నదాన్ని మార్చి, నొక్కినప్పుడే పనిచేయమనో, ఫలానా సైట్లలోనే పనిచేయమనో చెప్పొచ్చు. వ్యాకరణం దిద్దేదానికి మీ బ్యాంకు పేజీలో పనేంటి అసలు? ఫైర్‌ఫాక్స్‌లో అయితే యాడ్‌ఆన్ పేజీలోనే పాత వెర్షన్లు దొరుకుతాయి, నిన్నటిది వేసుకుని, ఆ ఒక్కదానికి ఆటోమేటిక్ అప్‌డేట్ ఆపుకోవచ్చు, తయారుచేసినవాళ్లు సరిచేశాక మళ్లీ ఆన్ చేసుకోవచ్చు. క్రోమ్ స్టోర్‌లో ఆ సౌకర్యం లేదు. రిమూవ్ బటనే కనబడని యాడ్‌ఆన్ ఉందంటే అది ఆఫీసువాళ్లు పాలసీ ద్వారా, అంటే తమ కంప్యూటర్లన్నిటికీ కలిపి పెట్టే సెట్టింగ్ ద్వారా పెట్టింది, వాళ్లని అడగండి. సొంత కంప్యూటర్లో, ఎవరూ ఏ పాలసీ పెట్టని చోట, ‘మీ సంస్థ నిర్వహిస్తోంది’ అని క్రోమ్ చూపిస్తే మాత్రం కాస్త టెన్షన్ పడాల్సిందే. కొన్ని యాంటీవైరస్‌ల వల్ల కూడా అలా రావచ్చు గానీ, ఏదో పనికిమాలిన సాఫ్ట్‌వేర్ దూరి ఉండే అవకాశం ఎక్కువ.

చెడిపోవడం వేరు, చెడగొట్టడం వేరు అని కూడా మీ పాఠకులకి చెప్పండి. ‘ద గ్రేట్ సస్పెండర్’ అని వాడని ట్యాబుల్ని నిద్రపుచ్చే ఎక్స్‌టెన్షన్ ఉండేది, చాలామంది మెచ్చుకున్నదే. 2020లో తయారుచేసినాయన దాన్ని వేరేవాళ్లకి అప్పజెప్పాడు, 2021 ఫిబ్రవరిలో అందులో హానికరమైన కోడ్ ఉందని గూగుల్ దాన్ని తీసేసింది, నిద్రపుచ్చిన ట్యాబులన్నీ ఏమయ్యాయో తెలియక జనం తలలు పట్టుకున్నారు. 2018లో స్టైలిష్ అనే యాడ్‌ఆన్ మనం చూసే పేజీల వివరాలు బయటికి పంపుతోందని తేలి స్టోర్లలోంచి తీసేశారు. 2024 డిసెంబరులో సైబర్‌హేవెన్ అనే భద్రతా సంస్థ ఉద్యోగినే ఫిషింగ్ మెయిల్‌తో, అంటే నమ్మించి వివరాలు లాగే దొంగ మెయిల్‌తో బోల్తా కొట్టించి వాళ్ల ఎక్స్‌టెన్షన్‌కి చెడ్డ వెర్షన్ ఎక్కించారు, అది అప్‌డేట్ పేరుతో వాడేవాళ్ల బ్రౌజర్లలోకి దిగింది. భద్రత అమ్ముకునేవాళ్ల పరిస్థితే అది. ఉన్నట్టుండి సెర్చ్ ఇంజిన్ మారిపోవడం, ఎక్కడా లేని ప్రకటనలు రావడం కనిపిస్తే సగాలు చేసుకుంటూ కూర్చోకుండా తెలియని యాడ్‌ఆన్లన్నీ ఆపేసి, ముఖ్యమైన పాస్‌వర్డ్‌లు వేరే పరికరం మీంచి మార్చుకోవాలి. డేటా పోతుందని నేను పైన ఆపమన్న రిమూవ్ ఇక్కడ మాత్రం వెంటనే కొట్టాలి.

యాడ్‌ఆన్ ఆగిపోవడమే సమస్య అయిన సందర్భం కూడా ఈమధ్య చాలామందికి ఎదురైంది. గూగుల్ ఎక్స్‌టెన్షన్ల నియమాల్ని మార్చి, మ్యానిఫెస్ట్ వీ2 అనే పాత పద్ధతిలో రాసినవాటిని 2024 జూన్ నుంచి దశలవారీగా ఆపుతూ వచ్చింది. యూబ్లాక్ ఆరిజిన్ అనే యాడ్ బ్లాకర్ లాంటి పేరున్నవి కూడా క్రోమ్‌లో ఆగిపోయింది అందుకే. ‘ఇక మద్దతు లేదు’ అని వస్తే అది మీ కంప్యూటర్ జబ్బు కాదు, ఎంత రీఇన్‌స్టాల్ చేసినా బాగుపడదు. కొత్త పద్ధతిలో రాసినదానికి మారడమో, ఫైర్‌ఫాక్స్‌కి వెళ్లడమో, అంతే.

సైట్లు నడిపేవాళ్లని కూడా ఒక మాట అనాలి. ఏం అడిగినా ‘క్యాష్ క్లియర్ చేసి చూడండి’ అనడం వాళ్లకి ఊతపదమైపోయింది. ఆ వాక్యం పక్కనే ‘ఎక్స్‌టెన్షన్లు ఆపి చూడండి’ అని ఇంకో వాక్యం రాస్తే వాళ్లకే సగం ఫోన్లు తగ్గుతాయి. ఫొటోలు పెట్టే ఫోల్డర్‌కి యాడ్స్ అని పేరు పెట్టేముందు ఒక యాడ్ బ్లాకర్ పెట్టుకుని తమ సైట్ తామే చూసుకుంటే ఇంకా మంచిది.

నేను అడిగేది ఒకటే. ఆ పాఠకుడి ప్రశ్న ఇంకోసారి వేసి, జవాబు మార్చి రాయండి. ఆయన ఇంకా ఫార్మాట్ చేయించుకోకపోయి ఉంటే, ఇన్‌కాగ్నిటోలో ఒకసారి తెరిచి చూసి, తర్వాత మామూలు విండోలో యాడ్‌ఆన్లన్నీ ఆపి రీలోడ్ చేయమనండి. ఆ రెండిట్లోనూ ఏం కనిపించిందో మీకు రాసి పంపితే, తర్వాతి జవాబు ఊహించి ఇవ్వాల్సిన అవసరం మీకుండదు. ఇకముందు ఎక్స్‌టెన్షన్ల జాబితాలు వేసినప్పుడు, ఒక్కోటీ ఏ ఏ అనుమతులు అడుగుతుందో, చివరిసారి ఎప్పుడు అప్‌డేట్ అయిందో పక్కన వేయండి. అప్‌డేట్ తేదీ స్టోర్ పేజీలోనే ఉంటుంది, అనుమతులు ఇన్‌స్టాల్ చేసేటప్పుడు బ్రౌజరే చూపిస్తుంది, పెద్దగా వెతకాల్సిన పని కూడా లేదు.

ఇట్లు,
మీ టెక్నాలజీ పేజీ పాఠకుడు